ఆర్వీలో యాంటెన్నా టీవీ: కప్పు మీది నుంచి తెర దాకా సరిచేసుకోవడం ఎలా

అమెరికాలో పాతబడిన ఆర్వీ (ఇల్లులా లోపలే ఉండే ఏర్పాట్లున్న బండి) కొన్నవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. కప్పు మీద యాంటెన్నా ఉంటుంది, లోపల టీవీ ఉంటుంది, రెండిటినీ కలిపే వైరు కూడా ఉంటుంది, అయినా ఒక్క ఛానెల్ రాదు. వెంటనే చాలామంది కొత్త యాంటెన్నా కొనేస్తారు. దాన్ని బిగించాక కూడా తెర నల్లగానే ఉంటే అప్పుడు దిగులు పడతారు. లోపం ఎక్కువసార్లు యాంటెన్నాలో ఉండదు. వైరు చివరి కనెక్టరులోనో, ఎవరూ నొక్కని చిన్న స్విచ్చులోనో, టీవీ మెనూలోనో ఉంటుంది. అందుకే డబ్బు తీయకముందు టీవీ దగ్గర మొదలుపెట్టి కప్పు దాకా ఒక్కో భాగాన్నీ వరుసగా చూసుకుంటూ వెళ్లండి.

వరుస ఎందుకు ముఖ్యమంటే, డిజిటల్ ప్రసారం మనకు ఆనవాళ్లు ఇవ్వదు. అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, నీడలు కనిపించేవి. యాంటెన్నాను ఎటు తిప్పితే మెరుగవుతోందో కంటికే తెలిసేది. ఇప్పుడు సిగ్నల్ చాలినంత ఉంటే బొమ్మ నిండుగా వస్తుంది. కాస్త తగ్గితే గళ్లు గళ్లుగా విడిపోతుంది, మాట తెగిపోతుంది. మరికాస్త తగ్గితే ఏమీ ఉండదు. మధ్యలో ఒక కనెక్టరు తుప్పు పట్టినా, యాంటెన్నా వేరే దిక్కు చూస్తున్నా తెర మీద కనిపించేది ఒక్కటే: "సిగ్నల్ లేదు".

ఫోన్‌లో అన్నీ దొరుకుతుంటే యాంటెన్నా ఎందుకని అడగవచ్చు. క్యాంప్‌గ్రౌండ్లలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు, వైఫై మీద వీడియో కదలదు. అన్నిటికంటే ముఖ్యం వాతావరణం. టోర్నడో, ఆకస్మిక వరద లాంటి హెచ్చరికలు వచ్చినప్పుడు ఆ ప్రాంతపు స్టేషన్ మ్యాప్ వేసి మరీ చెబుతుంది. రేకు, ఫైబర్‌గ్లాస్ గోడల మధ్య నిద్రపోయే మనకు అది చాలా అవసరం. హెచ్చరికలు కౌంటీల (మన జిల్లాల లాంటివి) పేర్లతో వస్తాయి కాబట్టి, ఆగిన ప్రతిచోటా మీరు ఏ కౌంటీలో ఉన్నారో తెలుసుకుని ఒక చీటీ మీద రాసి టీవీ పక్కన అంటించండి.

ముందు టీవీ సంగతి తేల్చుకోండి

అమెరికాలో పూర్తి శక్తితో ప్రసారం చేసే స్టేషన్లు 2009 జూన్ 12న అనలాగ్‌ను ఆపేశాయి. మిగిలిన చిన్న స్టేషన్లకు కూడా గడువు 2021 జూలై 13తో ముగిసింది, అలాస్కాకు మాత్రం కొంత అదనపు సమయం ఇచ్చారు. కాబట్టి మీ టీవీలో డిజిటల్ ట్యూనర్ (ప్రసారాన్ని పట్టి బొమ్మగా మార్చే భాగం) లేకపోతే ఎక్కడికి వెళ్లినా ఏమీ రాదు. 2007 మార్చి 1 నుంచి అమెరికాలోకి దిగుమతయ్యే, రాష్ట్రాల మధ్య రవాణా అయ్యే టీవీల్లో ట్యూనరంటూ ఉంటే అది డిజిటల్‌ది కూడా అయి ఉండాలని అక్కడి ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన పెట్టింది. ఆర్వీ అంతకంటే పాతదై, టీవీ దాంతోపాటే వచ్చి ఉంటే అనుమానించండి. వెనకవైపు లేబుల్ మీదో మాన్యువల్‌లోనో "ఏటీఎస్‌సీ" (అమెరికా డిజిటల్ ప్రసార ప్రమాణం పేరు) అనో "డిజిటల్ ట్యూనర్" అనో ఉందేమో చూడండి. "హెచ్‌డీ రెడీ", "మానిటర్" అని మాత్రమే రాసి ఉంటే ట్యూనర్ ఉండకపోవచ్చు.

ట్యూనర్ లేకపోతే రెండు దారులు. ఒకటి, డిజిటల్ కన్వర్టర్ పెట్టె కొని యాంటెన్నా వైరును దానికి తగిలించి, అక్కడి నుంచి టీవీకి కలపడం. పసుపు, ఎరుపు, తెలుపు జాక్‌లు ఉన్న టీవీ అయితే వాటితో కలపండి, బొమ్మ మెరుగ్గా ఉంటుంది. అవి లేని పాత టీవీకి, పెట్టెలో కోయాక్స్ (యాంటెన్నాకు వాడే గుండ్రటి కేబుల్) అవుట్‌పుట్ ఉన్న రకం తీసుకుని టీవీని ఛానెల్ 3 లేదా 4 మీద ఉంచాలి. రెండో దారి టీవీనే మార్చడం. గుండ్రటి వీపున్న పాత టీవీ గూట్లో కూర్చుని ఉంటే నేను రెండో దారే చెబుతాను. దాని బరువు, అది తినే కరెంటు రెండూ తగ్గుతాయి, మరో పెట్టెను ప్రయాణంలో కదలకుండా బిగించే పనీ ఉండదు.

కొత్తది కొనేటప్పుడు కరెంటు సంగతి చూడండి. హుకప్ (క్యాంప్‌గ్రౌండ్ ఇచ్చే కరెంటు కనెక్షన్) లేనిచోట బ్యాటరీ మీద నడపాలంటే, ఆర్వీల కోసమే చేసిన 12 వోల్టుల టీవీ హాయి. ఇంట్లో వాడే టీవీకి 12 వోల్టుల అడాప్టర్ వచ్చింది కదా అని దాన్ని తీసేసి నేరుగా బ్యాటరీకి కలపకండి. చార్జింగ్ జరుగుతున్నప్పుడు ఆ లైనులో 14 వోల్టులు దాటుతుంది. ఆ హెచ్చుతగ్గులకు ఓర్చుకునేలా తయారైన టీవీ మాత్రమే దాన్ని తట్టుకుంటుంది.

గోడ మీది చిన్న స్విచ్చు

ఉత్తర అమెరికా ఆర్వీల్లో ఎక్కువగా కనిపించేది వైన్‌గార్డ్ కంపెనీ చేసే "సెన్సార్", అంటే గబ్బిలం రెక్కల ఆకారంలో ఉండి లోపలి నుంచి చేతిపిడితో పైకి లేపే యాంటెన్నా. దాని తలలోనే సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్ ఉంటుంది. దానికి కావలసిన 12 వోల్టుల కరెంటు విడిగా ఏ తీగలోనూ రాదు. సిగ్నల్ కిందికి దిగే కోయాక్స్ కేబుల్లోనే పైకి ఎక్కుతుంది. ఆ కరెంటును పంపేది టీవీ దగ్గర గోడకు ఉండే ప్లేట్. దాని మీద ఒక బటన్, పక్కన చిన్న దీపం ఉంటాయి. దీపం వెలగకపోతే యాంప్లిఫయర్ పని చేయదు. పైగా పని చేయని యాంప్లిఫయర్ తనలోంచి పోయే సిగ్నల్‌ను అడ్డుకుంటుంది కాబట్టి, అసలు యాంప్లిఫయర్ లేకపోవడం కంటే అది అధ్వాన్నం.

ఆర్వీ బయట క్యాంప్‌గ్రౌండ్ కేబుల్ తగిలించే సాకెట్ కూడా ఈ ప్లేట్‌కే వస్తుంది. బటన్ ఆన్‌లో ఉంటే యాంటెన్నా, ఆఫ్‌లో ఉంటే పార్కు వాళ్ల కేబుల్ టీవీకి చేరతాయి. కేబుల్ రావడం లేదని గొడవపడే ముందు ఆ బటన్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. యాంటెన్నా రాకపోతే ఆన్‌లో ఉందో లేదో చూడండి. కొందరు ప్లేట్‌ను కప్‌బోర్డు లోపల, సామాన్ల వెనక బిగిస్తారు. కొత్తగా కొన్న ఆర్వీలో దాన్ని వెతికి పట్టుకోవడమే మొదటి పని.

దీపం వెలుగుతున్నా పైకి కరెంటు వెళుతోందో లేదో మల్టీమీటర్‌తో తేల్చుకోవచ్చు. ప్లేట్ వెనక యాంటెన్నాకు వెళ్లే కేబుల్‌ను విప్పి, ఆ సాకెట్ మధ్య రంధ్రానికీ బయటి లోహపు అంచుకూ మీటర్ పెట్టండి. స్విచ్చు ఆన్‌లో ఉన్నప్పుడు మీ బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా, 12 నుంచి 14 మధ్య చూపించాలి. తర్వాత స్విచ్చు ఆపి కేబుల్ తిరిగి బిగించి, మళ్లీ ఆన్ చేసి, కప్పు మీద యాంటెన్నా దగ్గరి చివర కూడా ఇదే కొలత తీయండి. కింద ఉండి పైన లేకపోతే లోపం మధ్య వైరులో ఉన్నట్టు. రెండుచోట్లా ఉంటే అనుమానం యాంటెన్నా తల మీదికి పోతుంది. కొలిచేటప్పుడు మీటరు మొన రెండు లోహాలనూ ఒకేసారి తాకకుండా జాగ్రత్త పడండి, ఫ్యూజు పోతుంది. కొలవడం అయ్యాక స్విచ్చు ఆపి, అప్పుడు కనెక్టర్లు బిగించండి.

మరో ముఖ్యమైన సంగతి. పడకగదిలో రెండో టీవీ కోసం ఎవరైనా మధ్యలో మామూలు స్ప్లిటర్ పెట్టి ఉంటే, అది గోడ ప్లేట్‌కీ యాంటెన్నాకీ మధ్య ఉండకూడదు. చాలా స్ప్లిటర్లు 12 వోల్టులను పైకి పోనివ్వవు. ప్లేట్ దాటాక, టీవీల వైపు పెట్టాలి. చాలా ప్లేట్లకు రెండో టీవీ కోసం వెనక అవుట్‌పుట్ ముందే ఉంటుంది, కాబట్టి స్ప్లిటరే అక్కర్లేకపోవచ్చు. రెండుగా చీల్చే ప్రతి స్ప్లిటర్‌కూ సుమారు 3.5 డెసిబెల్స్ పోతుంది, అంటే సిగ్నల్ సగం కంటే తక్కువకు పడిపోతుంది. వాడని స్ప్లిటర్లన్నీ పీకేయండి.

వైరు, కనెక్టర్లు

కేబుల్ పైతొడుగు మీద రకం అచ్చు వేసి ఉంటుంది. పాత ఆర్వీల్లో ఆర్‌జీ-59 ఉంటుంది. ఆర్‌జీ-6 అయితే సిగ్నల్ తక్కువ పోతుంది. అయినా ఆర్వీలో వైరు పొడవు తక్కువే కాబట్టి గోడలు విప్పి మొత్తం మార్చాల్సిన పని సాధారణంగా రాదు. కనెక్టర్లు మాత్రం చూసి తీరాలి. కప్పు మీదివి ఎండకూ వానకూ నాని, లోపల పచ్చగా తుప్పు పట్టి ఉంటాయి. విప్పి చూడండి. మధ్య రాగి తీగ మెరవాలి, చుట్టూ ఉన్న అల్లికలోని ఒక్క పోగు కూడా దాన్ని తాకకూడదు. అనుమానం ఉంటే చివర కోసేసి కంప్రెషన్ రకం కొత్త కనెక్టరు వేయండి. చేత్తో మరబిగించే రకం రోడ్డు అదురుకు వదులైపోతుంది. బయటివాటి మీద రబ్బరు తొడుగు వేయండి.

వైరు కప్పులోంచి దిగే రంధ్రం చుట్టూ సీలెంట్ పగిలిందేమో అప్పుడే చూసేయండి. రబ్బరు కప్పయితే దానికి సరిపడే సెల్ఫ్ లెవెలింగ్ సీలెంటే వాడాలి. టీవీ రాకపోవడం చిన్న సమస్య, అక్కడి నుంచి నీరు దిగి గోడ లోపలి చెక్క కుళ్లడం చాలా పెద్ద నష్టం.

మీ యాంటెన్నా ఏ ఛానెళ్లను పట్టగలదు

టీవీ మీద కనిపించే ఛానెల్ సంఖ్యకీ, అది నిజంగా ప్రయాణించే ఛానెల్‌కీ సంబంధం ఉండాలని లేదు. న్యూయార్క్‌లో ఛానెల్ 7గా కనిపించే ఏబీసీ స్టేషన్ నిజంగానే 7 మీద వస్తుంది. అదే నగరంలో 4.1గా కనిపించే ఎన్‌బీసీ స్టేషన్ మాత్రం 35 మీద వస్తుంది. ఈ ఛానెళ్లు రెండు తరంగ శ్రేణుల్లో ఉంటాయి: 2 నుంచి 13 దాకా వీహెచ్ఎఫ్, 14 నుంచి 36 దాకా యూహెచ్ఎఫ్. ఒకప్పుడు యూహెచ్ఎఫ్ 51 దాకా ఉండేది. వేలం వేసి పైభాగాన్ని ఫోన్ కంపెనీలకు ఇచ్చాక, 2020 జూలై నాటికి వందలాది స్టేషన్లు కొత్త ఛానెళ్లకు మారాయి.

దీని వల్ల మీకు తేలే విషయం: "హెచ్‌డీ యాంటెన్నా", "డిజిటల్ యాంటెన్నా" అని వేరే జాతి ఏదీ లేదు. 2009కి ముందు బిగించిన సెన్సార్ అయినా డిజిటల్‌ను పడుతుంది, ఎందుకంటే తరంగాలు అవే. పాత సెన్సార్ వీహెచ్ఎఫ్‌లో గట్టిది, యూహెచ్ఎఫ్‌లో కాస్త బలహీనం. స్టేషన్లలో ఎక్కువభాగం యూహెచ్ఎఫ్‌లో ఉన్నాయి కాబట్టి, ఆ లోటు తీర్చడానికి ముందుభాగానికి తగిలించే వింగ్‌మ్యాన్ అనే ముక్కను వైన్‌గార్డ్ కంపెనీయే తెచ్చింది. కొత్త యాంటెన్నా మొత్తం కొనడం కంటే అది చాలా చవక. దాన్ని తగిలించాక, కిందికి దించినప్పుడు ఏసీకో వెంట్ మూతకో తగులుతుందేమో చూసుకోండి.

ఇక కొత్తవాటిలో కింగ్ జాక్ లాంటివి చిన్నగా ఉంటాయి, పైకి లేపే పని లేదు, లోపలి నుంచి తిప్పుకుంటే చాలు. నాలుగు దిక్కుల నుంచీ పట్టే గుండ్రటి రకాలు తిప్పే శ్రమ కూడా తప్పిస్తాయి, కానీ దూరపు స్టేషన్ల విషయంలో గురిపెట్టే యాంటెన్నాకు సాటిరావు. నగరాల దగ్గర ఆగేవాళ్లకు గుండ్రటిది చాలు. అడవుల్లో, కొండల్లో తిరిగేవాళ్లు పైకి లేపే రకాన్ని వదులుకోవద్దనే నా సలహా. ఎత్తుకు మించిన బూస్టర్ లేదు.

ఆగిన ప్రతిచోటా చేయాల్సింది

ముందుగా తలెత్తి చూడండి. యాంటెన్నా లేచే చోట కొమ్మలు గానీ, కరెంటు తీగలు గానీ ఉంటే లేపొద్దు. తీగల విషయంలో ఇది ప్రాణాల సంగతి. దారి ఖాళీగా ఉంటే పూర్తిగా లేపండి. సగం లేపి వదిలేస్తే తిప్పడానికి రాదు.

తర్వాత టవర్లు ఏ దిక్కున ఉన్నాయో కనుక్కోండి. ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లోని డీటీవీ మ్యాప్‌లో జిప్ కోడ్ ఇస్తే అక్కడ ఏ స్టేషన్లు ఎంత బలంగా వస్తాయో చూపిస్తుంది. రాబిట్‌ఇయర్స్ అనే సైటు ఇంకా వివరంగా, దిక్కును డిగ్రీల్లో, అసలు ఛానెల్ సంఖ్యతో సహా ఇస్తుంది. సిగ్నల్ లేని చోటుకు వెళుతుంటే బయలుదేరే ముందే ఈ వివరాలు తీసి పెట్టుకోండి. ఫోన్‌లోని దిక్సూచితో ఆ దిక్కు గుర్తించి, లోపల పైకప్పు దగ్గరి పిడి మీది బాణాన్ని అటు తిప్పండి.

స్విచ్చు ఆన్ చేయండి. టీవీ మెనూలో "యాంటెన్నా" లేదా "ఎయిర్" ఎంచుకోండి, "కేబుల్" కాదు. కిందటి క్యాంప్‌గ్రౌండ్‌లో కేబుల్ వాడి, మార్చకుండా వదిలేసి ఉంటే ఎంతసేపు స్కాన్ చేసినా ఒక్క ఛానెల్ దొరకదు. యాంటెన్నా రావడం లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ ఒక్క వరసే. ఎంచుకున్నాక స్కాన్ నడపండి. ఛానెళ్ల జాబితా టీవీ లోపల దాచుకునేది కాబట్టి ఊరు మారినప్పుడల్లా కొత్తగా స్కాన్ చేయక తప్పదు.

టవర్లు వేర్వేరు దిక్కుల్లో ఉంటే ఓపిక కావాలి. మామూలు స్కాన్ పాత జాబితాను చెరిపేసి కొత్తది రాస్తుంది. కొన్ని టీవీల్లో పాతవి ఉంచి కొత్తవి మాత్రమే చేర్చే స్కాన్ ఉంటుంది, ఉంటే అదే వాడండి. అది లేకపోయినా, చాలా టీవీలు రిమోట్ మీద అసలు ఛానెల్ సంఖ్య నొక్కితే దాన్ని వెతికి పట్టుకుంటాయి. రాబిట్‌ఇయర్స్‌లో రాసుకున్న సంఖ్య ఇక్కడ పనికొస్తుంది.

బొమ్మ గళ్లుగా విరుగుతుంటే మెనూలో సిగ్నల్ మీటర్ తెరిచి యాంటెన్నాను కొంచెం కొంచెంగా తిప్పండి. తిప్పిన ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగండి. ట్యూనర్ సిగ్నల్‌ను పట్టుకుని బొమ్మగా మార్చడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. గిరగిరా తిప్పితే సరైన దిక్కును దాటిపోయినా మీకు తెలియదు. కొండ లేదా పెద్ద భవనం అడ్డుంటే నేరుగా కంటే కాస్త పక్కకు చూపినప్పుడు బాగా రావచ్చు. పరావర్తనమై వచ్చిన సిగ్నల్ కూడా కొన్నిసార్లు చాలు. టవర్ మరీ దగ్గరుంటే బలం ఎక్కువై ట్యూనర్ తట్టుకోలేదు, అప్పుడు యాంటెన్నాను టవర్ నుంచి కాస్త పక్కకు తిప్పి చూడండి.

ఒకచోట రెండు ఛానెళ్లు మాత్రమే మాటిమాటికీ తెగిపోతుంటే, అవి వీహెచ్ఎఫ్‌వి అయితే, లోపలి సామానును అనుమానించండి. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్, సోలార్ చార్జ్ కంట్రోలర్, ఫోన్ చార్జర్లు రేడియో రొద పుట్టిస్తాయి. ఒక్కొక్కటీ ఆపుతూ మీటర్ చూడండి. దొంగ దొరికాక దాన్ని మార్చడమో, దాని తీగకు రొదను అణిచే ఫెర్రైట్ ముక్క తగిలించడమో చేయవచ్చు.

బండి నడుస్తున్నప్పుడు మాత్రం వెనక కూర్చున్నవాళ్లకు ఇది పనికిరాదు. ఇక్కడి మొదటి తరం డిజిటల్ ప్రసారం కదిలే బండ్ల కోసం రూపొందలేదు. ప్రయాణంలో పిల్లలకు ముందే డౌన్‌లోడ్ చేసినవి చూపించండి.

నెక్స్ట్‌జెన్ టీవీ కోసం ఆగాలా

ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త తరం ప్రసారానికి ఎఫ్‌సీసీ 2017లో అనుమతి ఇచ్చింది. పాత ట్యూనర్లు దాన్ని చదవలేవు. కొన్ని స్టేషన్లు దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతున్నాయి కాబట్టి ఏ ట్యూనర్ పడితే అది కొనడం తొందరపాటు. యాంటెన్నా, వైరు, గోడ ప్లేట్ దానికీ ఇవే. ఈ రోజు వాటిని సరిచేసుకుంటే ఆ శ్రమ వృథా పోదు.

బయలుదేరే ముందు

యాంటెన్నా దించకుండా బండి కదిలించడం వల్ల విరిగినవి చాలా ఉన్నాయి. పైకి లేపిన వెంటనే స్టీరింగ్‌కు ఒక ఎర్ర రిబ్బన్ కట్టండి, లాగే ట్రెయిలర్ అయితే ట్రక్కు తాళాలకు తగిలించండి. దించేటప్పుడు ముందు పిడి మీది బాణం, పైకప్పు ప్లేట్ మీది బాణం ఎదురెదురుగా వచ్చేలా తిప్పి, ఆ తర్వాతే చేతిపిడి తిప్పండి. బిగుసుకుంటే బలం పెట్టొద్దు, పైకెక్కి ఏం అడ్డుపడిందో చూడండి. లేపే యంత్రం బరువుగా తిరుగుతుంటే, యాంటెన్నా దించి ఉన్నప్పుడు పళ్లచక్రానికి సిలికాన్ స్ప్రే కొట్టి రెండుమూడు సార్లు పైకీ కిందికీ ఆడించండి. ఈదురుగాలి, ఉరుములు మొదలైనా వెంటనే దించేయాలి. దించాక కిందికి దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి కప్పు వైపు చూడండి. యాంటెన్నా తన ఆనిక మీద పూర్తిగా కూర్చుందని కంటితో చూశాకే రిబ్బన్ విప్పండి.